అతికించిన డిఫరెన్షియల్

డిగ్రీ పూర్తయ్యాక నేను ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నానని అందరికీ చెప్పుకుంటూ జీపు నడిపేవాణ్ణి. ఎనభైల మధ్యలో మాట. జీపు వేలంలో కొన్నది. చక్రాలు నాలుగూ ఉన్నాయి గానీ ముందు రెండింటికీ ఇంజనుతో ఏ సంబంధమూ లేదు. ఊరికే తోడు వచ్చేవి. వెనక ఒక చిన్న ట్రైలరు తగిలించుకుని పత్తి బోరేలూ, మిరపకాయ టిక్కీ బస్తాలూ, పెళ్లిళ్లకు వంటపాత్రలూ తోలేవాణ్ణి.

మా పేట నుంచి హైవేకి ఒకటే దారి. ఎండాకాలంలో దాన్ని రోడ్డు అనొచ్చు. వాన పడితే అది వట్టి నల్లరేగడి. చెప్పుతో అడుగేస్తే చెప్పు దానిది, కాలు మాత్రం కాసేపు బతిమాలితే తిరిగిచ్చేది. ఆ దారి సరిగ్గా ఊళ్ళో పెద్దరైతు ఇంటి ముందు మలుపు తిరుగుతుంది. ట్రాక్టరు ఉన్నది ఆయనకొక్కడికే. బండి దిగబడితే మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. బండిగలవాడు వెళ్లి ఆయన అరుగు కింద, చెప్పులు విడిచి నిలబడాలి. తనంతట తాను అడగకూడదు. ఆయన పేపరు చదవడం ముగించి "ఏంట్రా" అన్నాకే నోరు విప్పాలి. వాన పడ్డ రోజున ఆయన టెండరు ప్రకటనలు కూడా వదిలేవాడు కాదు. ట్రాక్టరు పంపేవాడు కాదని అనను. తన పత్తంతా మిల్లుకి చేరాక తప్పకుండా పంపేవాడు.

మా పెద్దమ్మ మొదటిసారి సొంతంగా చేను కౌలుకు తీసుకుని పత్తి వేసిన ఏడాది నేనూ ఆ అరుగు కింద నిలబడ్డాను. పేపరు పూర్తయ్యేసరికి ట్రైలరులో పత్తి నానిపోయింది. మిల్లులో గుమాస్తా దూదిని వేళ్ల మధ్య నలిపి పెదవి విరిచాడు. పెద్దమ్మ అతను కోసిచ్చిన డబ్బు కొంగున ముడేసుకుని బయటికొచ్చింది. ఆవిడ మామూలుగా మాటలు దాచుకునే మనిషి కాదు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా దేవుణ్ణి అడుగుతున్నట్టు ఉండేది కాదు, గుర్తు చేస్తున్నట్టు ఉండేది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అప్పుడు అంది:

"ఒరేయ్, వచ్చే ఏడు ఆ అరుగు కింద ఎవరమూ నిలబడం. ఎట్టాగనేది నువ్వు చూడు. చదివావుగా."

నేను చదివింది వృక్షశాస్త్రం. ఆ సంగతి ఆవిడకు చెప్పి లాభం లేదు.

ఒక్క విషయం మాత్రం నన్ను వదల్లేదు. ఆ రోజు దిగబడినప్పుడు వెనక ఎడమ చక్రం పిచ్చెత్తినట్టు తిరిగి, వెనకున్న వాళ్లందరి మీదా బురద చల్లింది. కుడి చక్రం కాస్త గట్టి నేల మీదే ఉంది. అది మాత్రం కదల్లేదు. పని చేయగలిగింది ఊరికే నిలబడి, చేయలేనిది ఒళ్లు హూనం చేసుకోవడం ఏమిటో తెలుసుకోవాలని గుంటూరు వెళ్లి లైబ్రరీలో కూర్చున్నాను.

తప్పంతా డిఫరెన్షియల్‌ది. వెనక ఇరుసు మధ్యన లావుపాటి కుండలా ఉంటుందే, అది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ వేర్వేరు వేగాలతో తిరగడానికి లోపల చిన్న పళ్లచక్రాలు పెట్టారు. మెకానిక్కులు వాటిని స్టార్ పినియన్లంటారు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలం సమానంగా పంచుతుంది. చిక్కల్లా ఆ సమానత్వంలోనే ఉంది. బురదలో జారే చక్రం ఎంత తక్కువ పుచ్చుకుంటే, గట్టి నేల మీదున్నదానికీ అంతే అందుతుంది. అంత నిక్కచ్చి సమానత్వం మా ఊళ్లో నేనింకెక్కడా చూడలేదు.

రెండో రకానికి లాకు ఉంటుంది. పెద్దరైతు ట్రాక్టరుకి ఉన్నది అదే. మడమ దగ్గర ఒక పెడలు తొక్కితే రెండు చక్రాలూ ఒకటైపోతాయి, కాలు తీస్తే విడిపోతాయి. ఇంత కాలం ఊరి మీద ఆయనకున్న ఆధిపత్యం ఒక పెడలంత అని తెలిసి కాస్త నిరుత్సాహపడ్డాను. మూడో రకంలో బిళ్లల కట్ట ఉంటుంది. ఒక చక్రం మరీ జారిపోతుంటే బిళ్లలు ఒరుసుకుని రెండోదానికి కొంత బలం మళ్లిస్తాయి. బొమ్మ చాలా బాగుంది. ఒంగోలులో మా మెకానిక్ భాయ్‌కి ఆ బొమ్మ గీసి చూపిస్తే, ఇట్టాంటివి విమానాలకు ఉంటాయేమో అన్నాడు.

మిగిలింది నాలుగో రకం. అది పుస్తకంలో లేదు, మా జిల్లాలో మాత్రం ఉంది. స్టార్ పినియన్లను కదలకుండా వెల్డింగు పెట్టి అతికించేయడం. అప్పుడిక రెండు చక్రాలూ చచ్చినట్టు కలిసే తిరుగుతాయి, బురదలోనూ, తారు మీదా.

భాయ్ ఒప్పుకోలేదు. "తమ్ముడూ, వెల్డింగు పెడితే ఇది బండి కాదు, ఎద్దయిపోద్ది. ఎద్దన్నా తోక మెలేస్తే తిరుగుద్ది. ఇది తిరగదు. టైర్లు అరుగుతయ్, యాక్సిలు ఇరుగుద్ది."

అరగనీ, విరగనీ అన్నాను. రేపు తననేమీ అనకూడదని భాయ్ ఇద్దరు సాక్షులను పిలిచి, వాళ్ల ఎదుట వెల్డింగు పెట్టాడు.

ఆ ఏడు రెండో తీత పత్తి బోరేల్లో తొక్కి పెట్టగానే ముసురు పట్టింది. ట్రైలరు మీద తాటిపత్రి పట్టా కప్పి, తీతకొచ్చిన ఆడవాళ్లను జీపులో ఎక్కించుకుని బయల్దేరాం. పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. గట్టి నేల దాటి రేగడిలోకి దిగినప్పుడు నేను గేరు తగ్గించాను. వెనక రెండు చక్రాలూ ఒక్కటిగా తిరిగాయి. బండి అటూ ఇటూ ఊగింది, మూలిగింది, పోయినేడు దిగబడిన గుంటలోంచి పాకుతూ పైకొచ్చింది. వెనక ఎవరో స్తోత్రం అన్నారు. డిఫరెన్షియల్‌కి అనుకుంటాను.

అరుగు ముందు మలుపు వచ్చింది. స్టీరింగు పూర్తిగా తిప్పాను. ముందు చక్రాలు విధేయంగా పక్కకు తిరిగాయి. వెనకవి మాత్రం తిన్నగా నెట్టుకుంటూ పోయాయి. భాయ్ చెప్పింది చెప్పినట్టే జరిగింది. జీపు పెద్దరైతు గేటుకి ఎదురుగా, ఆయన్ని పలకరించడానికే వచ్చినట్టు ఆగింది.

అరుగు మీద ఆయన పేపరు దించాడు. చదవడం పూర్తి కాకుండా ఆయన పేపరు దించడం నేను చూడటం అదే మొదలు. నేను దిగుతానని ఆయన ఎదురుచూశాడు. దిగితే కాళ్లు వాటంతట అవే చెప్పులు విడిచి అరుగు వైపు నడుస్తాయేమోనని నాకూ భయమేసింది.

నాకంటే ముందు పెద్దమ్మ దిగింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, జీపు మూతి దగ్గరకు పోయి, బంపరుకి పక్కనుంచి భుజం ఆనించింది. మిగతా ఆడవాళ్లూ దిగారు. నేను ఇంజను మెల్లగా లాగిస్తుంటే, వాళ్లు బండి ముందుభాగాన్ని బురదలో కాస్త కాస్తగా పక్కకు జరుపుతున్నారు.

"ఏమ్మే," అన్నాడాయన, "ఒక్క మాట అడిగితే ట్రాక్టరు పంపేవాణ్ణిగా."

పెద్దమ్మ నెట్టడం ఆపలేదు. ఆయన వైపు తిరగనూ లేదు.

"అడక్కుండా పోదామనేగండీ ఈ తిప్పలన్నీ."

జీపు మలుపు తిరిగింది. ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదతో ఎక్కి కూర్చున్నారు. మిల్లులో గుమాస్తా దూదిని వేళ్ల మధ్య నలిపాడు, పొడిగా విచ్చుకుంది. పెదవి విరవడానికి అతనికి సందు దొరకలేదు.

ఆ సీజనంతా అదే తంతు. పేటలో మిగతా కౌలుదార్ల పత్తీ నా ట్రైలరులోనే పోయింది. మలుపు రాగానే ఎవరూ చెప్పకుండానే దిగేవాళ్లు, నెట్టేవాళ్లు, ఎక్కేవాళ్లు. అరుగు వైపు చూసేవాళ్లు కాదు. ఆయన పేపరు వెనక కూర్చునే ఉండేవాడు, అడిగేవాళ్లే లేరు.

మిరపకాయలు తోలే రోజుల్లో, హైవే మీద, భాయ్ చెప్పినట్టే యాక్సిలు విరిగింది. వెనక టైర్లు అప్పటికే గుండు చేయించుకున్నట్టున్నాయి. జీపుని తాడు కట్టించి ఒంగోలు చేరిస్తే, భాయ్ ఇరుసు విప్పుతూ నన్ను చాలాసేపు, చాలా వివరంగా తిట్టాడు. చివరికి కొత్త స్టార్ పినియన్లు చేతిలో పెట్టుకుని, ఈసారన్నా బుద్ధిగా విడిగా బిగించమంటావా అని అడిగాడు.

యాక్సిలు మార్చమన్నాను. పినియన్లు మాత్రం అతికించమన్నాను.

భాయ్ సాక్షుల కోసం చుట్టూ చూశాడు.