బెల్లం ఇసకైన రోజు

ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే కబురందింది. అమలాపురంలో ఇన్నేళ్ళూ మా పక్కవాటాలో ఉంటూ వచ్చిన కెమిస్ట్రీ మేడంగారు కాకినాడ ఆసుపత్రిలో పోయేరట. అక్కడే నిలబడి, అలాంటి మనిషిని మా పక్కన ఉంచినందుకు దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

డెబ్భైల చివర్లో ఆవిడ సుగరుకి పనికొస్తుందనే పొడపత్రి తీగ ఆకు మీద పరిశోధన చేసేవారు. కాలేజీ నుంచి రాగానే వసారాలో చాప పరిచి ఆకు ఆరబోసేవారు. ఎండ పొడ తగలనిచ్చేవారు కాదు. ఆకు సారం తీసి, సుగరున్న ఎలకలకిచ్చి చూసేవారు.

"ఏం చూస్తారండీ?" అనడిగితే నేను తరుగుతున్న అరటికాయ ముక్క చూపించేరు.

"గాలికిది నల్లబడుతుంది. మజ్జిగలో వేస్తే ఆగుతుంది కదండీ? సుగరుంటే ఒంట్లోనూ ఇలాంటి చెడుపే జరుగుతుంది. ఈ ఆకు దాన్ని ఆపుతుందేమోనని."

మా అమ్మకి సుగరు. ఇంట్లో పెద్దదాన్ని కనక ఇంజెక్షను నేనే చేసేదాన్ని. సూది చూస్తే అమ్మకి ఏడుపే.

"ఆ ఎలకల మందేదో నాకివ్వరా మేడంగారూ?" అనేది.

"ఎలకలు బెల్లం తిని తినలేదనవండి పిన్నిగారూ," అని ఆవిడ నవ్వేవారు.

ఓ రోజు అమ్మ చాప మీది ఆకు తీసి నమిలింది. ఆ వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టుందిట.

"తీపే తెలీడం లేదే! నా సుగరు పోయింది," అని సంబరపడి, సూది వద్దంది. ఎంత బతిమాలినా వినలేదు. వారం తిరక్కుండానే మనిషి వడిలిపోయింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు.

నేను చెప్పగానే మేడంగారు గాజు గొట్టం, నీలం మందు, స్పిరిటు దీపం పట్టుకొచ్చేరు. అమ్మ మూత్రం మందులో కలిపి, ఆమె కళ్ళెదుటే కాచేరు. సుగరుందనడానికి గుర్తుగా నీలం ఇటుక రంగుకి తిరిగింది.

"ఆకు మీ నాలిక్కి తీపి తెలీకుండా చేసిందండి. రక్తంలో సుగరు అలాగే ఉంది."

"మరి మీ ఎలకలకి?"

"వాటికి మేలు కనబడింది. మీకూ కనబడుతుందో లేదో నాకు తెలీదు. తెలీనిదాన్ని మీ ప్రాణం మీద పెట్టి చూడలేను."

ఆ ఆకునే నమ్ముకుని ఏళ్ళు గడిపిన మనిషి. అమ్మ నోటివెంట దాని గొప్ప నాలుగిళ్ళలో పాకే వేళ "తెలీదు" అన్నారు. నాకు చదువంటే గౌరవం ఆ రోజు ఇంకా పెరిగింది.

అమ్మ ఆ గొట్టం కేసి చూసి, "ఆయ్, సరేనండి. సిరంజి మరిగించవే," అంది నాతో.

మొన్న ఇంటికొచ్చి అమ్మకి కబురు చెప్పేను. సాయంత్రం ఇంజెక్షను వేళకి తనే చెయ్యి చాపింది. సూది దిగుతున్నంతసేపూ, తాళం వేసున్న పక్కవాటా తలుపు కేసే చూస్తూ కూచుంది.