సరోజప్ప చేతిలో గ్లాసు

నారింజకాయ కోసినప్పుడు వచ్చే ఆ ఘాటు వాసన తగిలితే చాలు, నా చెయ్యి ఆగిపోతుంది. మొన్నా అలాగే ఆగింది. కాశీబుగ్గలో మాధవి ఇంటికి ముంబై బేరగాళ్లు వస్తున్నారని గ్లాసులు తుడిచి, నారింజ చక్రాలు కోస్తున్నాను. పక్కనున్న ఫ్యాక్టరీలోంచి జీడిగింజలు కాలుతున్న వాసన వస్తోంది. రెండూ కలిసేసరికి, మాధవి తల్లి సరోజప్ప నా వెనక నిలబడి "సన్నగా కొయ్యే, అది పులుసులోకి కాదు" అన్నట్టే అనిపించింది. ఆవిడ పోయి చాలా కాలమైంది.

సరోజప్ప నాకు చుట్టం కాదు. కంచిలి నుంచి వంటపనికి వచ్చిన కొత్తలో "అమ్మగారూ" అని పిలిస్తే, "అమ్మగారేటే, నానేటి ముసిల్దాన్నా? అప్పా అను" అంది. అప్ప అంటే మా వైపు అక్క. భర్త పోయాక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆవిడే నడిపేది. వచ్చినవాళ్లని ఒంటరిగా తాగనివ్వకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. టీ అయినా, కొబ్బరినీళ్లయినా, ఇంటివాళ్లు కూడా ఓ గుక్క తాగాల్సిందే. అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఆ జబ్బు తొక్కని గడప తక్కువ. డయాలసిస్ మీద పడ్డాక మంచినీళ్లు కూడా కొలిచే తాగాలి, కొబ్బరినీళ్లు ముట్టనే కూడదు. ఈ సంగతి మాధవికీ నాకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే బేరగాళ్లు వెనక్కి తగ్గుతారు, అప్ప మరిది ఫ్యాక్టరీ చేతిలోకి తీసుకుంటాడు. పప్పు పొట్టు తీసే ఆడవాళ్లని మానిపించి మిషన్లు పెడతానని అతను అప్పటికే అంటున్నాడు. ఆ ఆడవాళ్లలో మా చెల్లెలు కూడా ఉంది.

ఓ రోజు, బేరగాళ్లు వస్తున్నారని అప్ప విశాఖ నుంచి సీసాలు తెప్పించింది. ముంబైలో ఒక బేరగాడింట్లో చూసిందట, ఇటలీవాళ్ల పానీయం. పెద్ద బొజ్జ గ్లాసు నిండా ఐసు వెయ్యమంది. ముందు మూడు వంతులు నురగ వైను, దాని మీద రెండు వంతులు ఎర్రటి చేదు మందు, ఆఖర్న ఒక వంతు సోడా, పైన నారింజ ముక్క. అడుగున రంగు నిలిచిపోయిందని నేను కవ్వం అందుకున్నాను.

"ఓసి నీ తెలివి కాలా! అది మజ్జిగేటే సిలకడానికి? సెంచాతో ఒక్కపాలి తిప్పి వొగ్గీ."

రుచి చూశాను. జీడిమామిడి పండు పచ్చిగా కొరికినట్టు నాలుక పట్టేసింది. దీన్ని డబ్బు పోసి కొనుక్కుంటారా అనుకున్నాను.

"నా గ్లాసులో మాత్తరం ఐసు నింపి, రంగుకి సెంచాడు ఎర్రమందు ఎయ్యి, సాలు. నారింజ అంచుకి గుచ్చు, లోపల పడనీకు, ఆ రసమూ నాకు కూడదు."

"తాగుడు మొదలెట్టినావేటి అప్పా?"

"మగోలు తాగి దాసుకుంతారు. నాను తాగక దాసుకుంతన్నాను."

"మరయితే మంచినీల్లే పట్టుకుని కూకోవచ్చు కదా?"

"నీల్ల గ్లాసు గంట సేపు పట్టుకుంటే ఏటయిందని అడుగుతారే. సేదుది మెల్లిగా తాగుతారు. ఎవుడూ అడగడు."

అప్ప నవ్వింది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను గ్లాసులు కడిగాను.

బేరగాళ్లొచ్చిన సాయంత్రం అంతా బాగానే నడిచింది. అప్ప గ్లాసు చేతిలో తిప్పుతూ, మధ్యమధ్య పెదవికి ఆనిస్తూ, ధర దగ్గర గట్టిగా నిలబడింది. ఐసు కరిగి గ్లాసు సగానికి నీళ్లయింది. అప్పుడు, బేరగాళ్ల పక్కనే కూర్చున్న మరిది అందరికీ వినబడేలా, "ఏటి వొదినా, పోసింది పోసినట్టే ఉంది? డాక్టరు గానీ వద్దన్నాడేటి?" అన్నాడు.

బేరగాళ్లు గ్లాసు వంక చూశారు. మాధవి నా వంక చూసింది. అప్ప ఎవరినీ చూడలేదు. గ్లాసెత్తి, గటగటా చివరి చుక్క దాకా తాగేసింది. రోజంతా తాగాల్సిన నీళ్లు ఆ ఒక్కసారికే అయిపోయాయి. తాగి, ఖాళీ గ్లాసు నా వైపు చాపింది.

"ఇంకోటి అట్రా."

వంటింట్లోకి వెళ్లి నిలబడిపోయాను. తేవాలా, వద్దా? తేకపోతే మరిది మాట నిజమవుతుంది. తెస్తే ఈ మనిషేమవుతుంది? ఐసు కుక్కి, ఎర్రమందు రంగేసి తెచ్చాను. అప్ప దాన్ని చేత్తో పట్టుకుందే తప్ప పెదవికి ఆనించలేదు. సంతకాలయ్యాయి. ఫ్యాక్టరీ నిలిచింది.

తెల్లారేసరికి అప్ప కాళ్లు ఉబ్బిపోయాయి, ఆయాసంతో మాట రాలేదు. డయాలసిస్ వంతు రాకముందే ఆస్పత్రికి తీసుకెళ్లాం. మిషను పెట్టి, అప్ప కాస్త తేరుకున్నాక, పొట్టు తీసే ఆడవాళ్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుందని నాకు గుండె చెరువైపోయి, "మా కోసం అంత పని సేసినావా అప్పా?" అన్నాను.

అప్ప నన్ను వింతగా చూసింది. "దాహమేసిందే," అంది. కళ్లు మూసుకుని, "సల్లగా ఎంత బాగుందో," అంది.

ఆ మాట ఇప్పటికీ నాకు తేలలేదు. నేను బాధపడతానని అలా అందా? మాధవిని అడిగితే, "మా యమ్మ అబద్ధమాడదు" అంటుంది. మరుక్షణమే, "ఆడితే నీకూ నాకూ తెలుస్తాదేటి?" అంటుంది. ఒక్కోసారి ఫ్యాక్టరీ కోసమే అనిపిస్తుంది. నడివేసవిలో కుండలో నీళ్లు ముంచుకుని తాగుతున్నప్పుడు మాత్రం, పాపం ఉత్త దాహమేనేమో అనిపిస్తుంది.

మొన్న వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన గ్లాసు ఎంతసేపటికీ తగ్గలేదు. మాధవి మొగుడు మర్యాదకి "తాగండి సార్, తాగండి" అనబోతుంటే, జీడిపప్పు పళ్లెం పట్టుకుని ఇద్దరి మధ్యకీ వెళ్లి నిలబడ్డాను. ఆయన గ్లాసులో ఐసు కరిగినప్పుడల్లా, తాగినట్టే కనబడేలా ఆ నీళ్లు కాస్త ఒంపేసి, అడక్కుండానే కొత్త ఐసు వేస్తూ వచ్చాను. ఆయనకి జబ్బుందో, ఆ చేదు నచ్చలేదో నాకు తెలియదు. అడగను.