పైకెత్తే సైగ

గురునాథరావు ముప్పయ్యేళ్లు స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ నడిపాడు. కేబిన్‌లోంచి కిందికే చూసి చూసి వీపు ముందుకు వంగిపోయింది. యంత్రాల రొదలో మాట లెక్కకి రాదు. కింద నిలబడ్డ మనిషి చేత్తో సైగ చేస్తేనే బరువు లేపాలి. ఇప్పుడు వీపు సరిచేసుకోడానికి వెళ్లే ఉక్కునగరం దగ్గరి పిలాటిస్ వ్యాయామాల సెంటర్‌లోనూ అదే పద్ధతి. పరికరాలకున్న స్ప్రింగుల కొక్కేలు ఒక్కొక్కటే లాగి చూసుకుంటాడు, టీచర్ దీనా చెయ్యి కదిపితేనే కదులుతాడు.

ఇవాళ మొదటిసారి మెత్త వేసిన గుండ్రటి బ్యారెల్ మీద వెనక్కి వాలాడు. దీనా రెండు చేతులూ వీపు కింద ఆనించింది.

"సాలు బాబాయ్, నెమ్మదిగా లెగండి."

ఆయన కదల్లేదు.

"ఏటి, నొప్పెడతందా?" దీనా వంగి ఆయన మొహంలోకి చూసింది.

"నేదమ్మా, హాయిగా ఉంది. నువ్వు సెయ్యి సూపిత్తేనే కదా నాను లెగిసేది!"

వీపు కింది చేతులు తియ్యడానికి లేదు. దీనా గడ్డం కొంచెం పైకెత్తింది. క్రేన్ సైగల్లో అలాంటిది లేదు. అయినా గురునాథరావు నవ్వుతూ లేచాడు.