అంజూరాలు పండని పండుగ

ఇటలీలోని ప్రాతో ఊళ్ళో ఉన్ని మిల్లుల వెనక పేటలో, ఎర్రజెండా కార్మికుల ప్రజాభవనంలో పెద్దవాళ్ళ విహారయాత్రలు భోజనం దగ్గర మొదలై భోజనం దగ్గరే ముగిసేవి. ఏ ఊరికి పోవాలన్న ప్రశ్న కంటే, ఆ ఊళ్ళో కుందేలు కూర ఎవరు బాగా వండుతారన్న ప్రశ్న ఎప్పుడూ ఎక్కువ సమయం తీసుకునేది. అందుకే ఆ వసంతంలో ఒక సాయంత్రం అర్జీయా లేచి, "ఈసారి కార్మిన్యానో పోదాం. చర్చిలో బొమ్మ చూద్దాం" అన్నప్పుడు పేకముక్కలు పంచుతున్న చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ఏ బొమ్మ? మరియమ్మ బొమ్మా?" అన్నాడు ఒరియానో. అతను మగ్గం మీద నుంచి పదవీ విరమణ చేసినవాడు. యాత్రలకు బస్సు మాట్లాడటం, జనాన్ని లెక్క చూసుకుని ఎక్కించడం అతని పని. "ఎర్రజెండా పట్టుకున్నదానివి, ముసలితనంలో నీకు దేవుడు కనబడ్డాడా ఏం?"

"దేవుడు కాదు, బట్టలు కనబడ్డాయి. ఆ బొమ్మలో ఉన్నటువంటి ఉన్ని నువ్వు నీ జన్మలో నేసి ఉండవు."

"నేసేవాణ్ణే. మీ గోదాము నుంచి సరైన సరుకు వస్తే కదా!"

అందరూ నవ్వారు. అర్జీయా కూడా నవ్వింది. కానీ ఆ ప్రస్తావన తేవడానికి ఆమెకు ముప్పై ఏళ్ళ పైనే పట్టిందని ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆ వారమే పాతబట్టల గోదామును పడగొట్టడం మొదలుపెట్టారు. కూరగాయల సంచీతో దారిన పోతూ, సగం కూలిన గోడ వెనక తాను కూర్చున్న కిటికీని చూసి ఆమె చాలాసేపు నిలబడిపోయింది. ఆ కిటికీ పక్కది జెలిండా చోటు.

అర్జీయా పదిహేనో ఏట ఆ గోదాములో చేరింది. ప్రపంచంలో ఎక్కడ కోటు చిరిగినా చివరికి అది ప్రాతోకే చేరుతుందని అప్పట్లో జనం అనుకునేవారు. ఓడల్లో వచ్చిన బేళ్ళు విప్పగానే ధూళి లేచేది. అందులో కలరా ఉండల వాసన, తడిసిన కుక్క వాసన, ఎవరు పూసుకున్నారో ఎన్నటికీ తెలియని అత్తరు వాసన కలగలిసి ఉండేవి. ఆడవాళ్ళు బల్లల ముందు వరసగా కూర్చుని, కత్తిపీటలా నిలువుగా బిగించిన కత్తికి కోటును ఆనించి కుట్లు తెంపేవారు, బొత్తాములు రాల్చేవారు, ఆ తరువాత మళ్ళీ నూలు వడకడానికి ఉన్నిని రంగుల వారీగా బుట్టల్లో వేసేవారు. నలుపంటే నలుపే అనుకునేది బయటివాళ్ళు. లోపల నలుపులో బూడిద నలుపు వేరు, నేరేడు నలుపు వేరు, పాదిరి నలుపు వేరు.

జెలిండా కార్మిన్యానో కొండ కింద ఉన్న సెయానో పిల్ల. ఆమె చిన్నాన్న చర్చిలో గంటలు కొట్టేవాడు. వాన వచ్చినా వరద వచ్చినా ఆదివారం పూజ తప్పేది కాదు ఆమెకు. అర్జీయా ఇంట్లోనేమో మరియమ్మ పటం ఉండవలసిన చోట సమ్మె ఊరేగింపు ఫోటో వేలాడేది.

"నువ్వు నరకానికి పోతే నా పక్క బల్ల ఖాళీ అవుతుందే. నాకు ఊసుపోదు" అనేది జెలిండా.

"నువ్వు స్వర్గానికి పోయి మాత్రం ఏం చేస్తావే? అక్కడ అందరూ తెల్లబట్టలే కడతారట. ఏరడానికేం ఉంటుంది?" అనేది అర్జీయా.

ఒకసారి ఒక బేలులోంచి ఆకుపచ్చ కోటు ఒకటి బయటపడింది. అది గడ్డి రంగు కాదు, సీసా రంగు కాదు. ఏ బుట్టలోనూ ఇమడలేదు. జెలిండా దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇది మా కార్మిన్యానో బొమ్మలో ఎలిజబెతమ్మ పైబట్ట" అంది. బొమ్మలో బట్టకూ బేలులో బట్టకూ పోలికేమిటని అర్జీయా వెక్కిరించింది. మాటా మాటా పెరిగింది. కోటు అంచు నుంచి ఒక ముక్క కత్తిరించుకుని, యజమానికి ఒకరు పంటినొప్పి అనీ ఇంకొకరు అత్త చనిపోయిందనీ చెప్పి, జూలై రెండున ఇద్దరూ కొండెక్కే బస్సు పట్టుకున్నారు. ఆ రోజునే ఎంచుకోవడానికి కారణం జెలిండా చెప్పింది: గర్భవతి అయిన మరియమ్మ, ముదిమి వయసులో కడుపు పండిన ఎలిజబెతమ్మను చూడబోయిన రోజు అది. సందర్శన పండుగ. బొమ్మలో ఉన్నదీ ఆ ఘట్టమే.

చర్చి లోపల చీకటి. ఆ బొమ్మ నిలువెత్తు రంగుల పటం, దాని పక్కన గోడకు ఒక డబ్బా ఉండేది. అందులో నాణెం వేస్తే దీపం వెలిగేది, కాసేపటికి దానంతట అదే ఆరిపోయేది. నాణెం వేయడం పొరుగూరి వాళ్ళ పని అని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎవరో ఒకరు వచ్చి వేసేదాకా రెండో వరస బల్ల మీద చీకట్లో కూర్చుని, ఒళ్ళో అంజూరాలు పెట్టుకుని, తొక్క ఒలుచుకు తింటూ వేచి ఉండటం జెలిండా నేర్పిన పద్ధతి. దీపం వెలిగింది. ఇద్దరు స్త్రీలు, కడుపుకు కడుపు తగిలేంత దగ్గరగా, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు. ఆ ఇద్దరూ ఈ కలయికను చూడటం లేదు. సూటిగా బల్ల మీద కూర్చున్నవాళ్ళనే చూస్తున్నారు.

"ముందరి ఇద్దరూ పుణ్యాత్ములు. ఆ వెనక ఇద్దరూ మనమే" అంది జెలిండా, జేబులోంచి గుడ్డముక్క తీసి చాపిన చేత్తో బొమ్మ వైపు పట్టి. "చూడు. అచ్చం అదే."

"ఒక ఛాయ తక్కువ."

"కళ్ళు కడుక్కో."

"నీ ముక్క ఉతుక్కు రా."

దీపం ఆరిపోయింది. వాదన తేలలేదు. ఆ తరువాత ఏటా, చనిపోయిన అత్తలను మార్చి మార్చి చెబుతూ, ఆ వాదన తేల్చుకోవడానికే వెళ్ళారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, వెళ్ళడం మాత్రం మానలేదు. పొరుగూరి వాళ్ళెవరూ రాని ఏడు బస్సు వేళకు ఎవరో ఒకరు నాణెం వేయక తప్పేది కాదు. ఆ వంతుల విషయంలో ఇద్దరికీ జ్ఞాపకశక్తి అమోఘం.

జెలిండా భర్తకు పియొంబీనో ఉక్కు కర్మాగారంలో పని దొరికింది. అరవై తొమ్మిది జూలైలో, కార్మిన్యానో బస్సు మలుపు దగ్గర వాళ్ళు విడిపోయారు.

"ఉత్తరాలు నా వల్ల కాదు. నా రాత చూస్తే పోస్టుమాను నవ్వుతాడు" అంది జెలిండా. "సందర్శన పండుగనాడు, రెండో బల్ల. చస్తే తప్ప మానను."

"చస్తే కబురు పెట్టు. ఊరికే నా బస్సు టికెట్టు దండగ."

మరుసటి ఏడు అర్జీయా అంజూరాల బుట్టతో వెళ్ళి, ఆఖరి బస్సు దాకా కూర్చుంది. జెలిండా రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. మూడో ఏడు అర్జీయా వెళ్ళలేదు. భర్త ఒతెల్లో అడిగితే, "రంగు వెలిసింది" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ తరువాత అతను పోయాడు, గోదాము మూతపడింది, పిల్లలు వేరు కాపురాలు పెట్టారు. అన్నిటికీ ఒక కారణం కనిపించేది. జెలిండా ఎందుకు మాట తప్పిందన్న దానికి మాత్రం ఏ బుట్టా దొరకలేదు. కార్మిన్యానోకు ఒంటరిగా పోతే మళ్ళీ ఎదురుచూడటమే అవుతుందని ఆమె భయం. బస్సు నిండా జనం ఉంటే అది యాత్ర అనిపించుకుంటుంది.

ప్రజాభవనంలో ఆ సాయంత్రం కుందేలు కూర సంగతి తేలాక తేదీ దగ్గరికి వచ్చారు.

"జూలై రెండు" అంది అర్జీయా. "అంజూరాల మొదటి కాపు వస్తుంది. బొమ్మలోని పండుగ కూడా ఆ రోజే."

పేకాట కోసం ప్రజాభవనానికీ, పాపాల కోసం చర్చికీ సమానంగా తిరిగే ఫోస్కా ముక్కల మీంచి తలెత్తింది. ఆమెది కూడా సెయానోయే. "ఆ రోజు పండుగేమిటి? సందర్శన పండుగ మే ముప్పై ఒకటిన కదా!"

"మా అమ్మ కాలం నుంచీ జూలై రెండే."

"మీ అమ్మ కాలంలో నిజమే. తరువాత పోపుగారు పండుగలన్నీ అటూ ఇటూ సర్దలేదూ? లాటిన్ పూజ పోయిన రోజుల్లో."

"అంటే ఎప్పుడు?"

"మా పెద్దాడు నా కడుపులో ఉన్నాడు. డెబ్బైలో. ఆ ఏడే మొదటిసారి మేలో చేశారు. మా అత్తయితే పాదిరి ముఖం మీదే అడిగేసింది, మరియమ్మ ప్రయాణాన్ని ముందుకు జరపడానికి మీరెవరని."

"ఓటు పెట్టకుండా మార్చేశారా?" అన్నాడు ఒరియానో. "మా సంఘంలో అయితే ముగ్గురు రాజీనామా చేసేవాళ్ళు."

అర్జీయా ముక్కలు బల్ల మీద బోర్లించింది. చర్చి వాళ్ళు రోజు మార్చుకున్న సంగతి ఊరంతటికీ తెలుసు. పెళ్ళికి, చావుకు తప్ప చర్చి గడప తొక్కని తనకు చెప్పేవాళ్ళెవరు? జెలిండాకు చెప్పే అవసరమే తోచి ఉండదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడని ఎవరు ఎవరికి చెబుతారు? డెబ్బై మే నెలలో, రెండో బల్ల మీద, ఆఖరి బస్సు దాకా ఒక్కతే కూర్చున్న జెలిండా ఆమె కళ్ళకు కట్టింది. 'ఎర్రజెండాది, పండుగను లెక్కచేయలేదు' అనుకుని ఉంటుంది. ఇన్నేళ్ళుగా తాను జెలిండాను అనుకున్న మాటలన్నీ జెలిండా కూడా తనను అనుకునే ఉంటుంది.

"ఫోస్కా, మీ ఊళ్ళో గంటలు కొట్టే ఆయన అన్నకూతురు..."

"జెలిండాయా? పియొంబీనోలోనే ఉంది. క్రిస్మస్‌కు ఫోన్ చేస్తుంది. నంబరు ఇవ్వనా?"

"వద్దు. ఫోన్లో ఏం మాట్లాడతాను? సందర్శన పండుగనాడు అర్జీయా కార్మిన్యానోలో ఉంటుందని మాత్రం చెప్పు."

"ఏ తేదీ అని చెప్పను?"

"తేదీ దానికి తెలుసు" అంది అర్జీయా. తరువాత ఒరియానో వైపు తిరిగి, "మే ముప్పై ఒకటికి బస్సు మాట్లాడు" అంది. పోపు మాటకు ఆమె తలవంచడం ఆ భవనంలో అదే మొదటిసారి గనక, దాన్ని గురించి వారం రోజులు చెప్పుకున్నారు.

ఆ రోజు బస్సు కొండెక్కుతుంటే దారి పొడుగునా అంజూరపు చెట్లు కనిపించాయి. కాయలు గోలీల్లా పచ్చగా, గట్టిగా ఉన్నాయి. అంజూరాలు పండని రోజుకు పండుగ మార్చినవాళ్ళు ఏనాడూ కార్మిన్యానో రాలేదని ఆమెకు నిశ్చయమైంది. చర్చిలో ఒరియానో దర్జాగా నాణెం వేశాడు. అందరూ మెడలు చాచి చూసి, ఆహా అని, దీపం ఆరకముందే భోజనానికి బయలుదేరారు. అర్జీయా రెండో బల్ల మీద ఉండిపోయింది. వెనక నిలబడ్డ ఆ ఇద్దరు స్త్రీలూ ఆమెనే చూస్తున్నారు, ఒక్క గీతైనా ముసలితనం రాకుండా. దీపం ఆరింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె మెడ అటు తిరిగింది. వచ్చినవాళ్ళెవరూ జెలిండా కాదు. చివరికి బయట బస్సు హారన్ మోగింది.

తిరుగు ప్రయాణంలో ఆమె ఫోస్కా పక్కన కూర్చుంది. "దానికి నువ్వేం చెప్పావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"నువ్వు చెప్పమన్నదే చెప్పాను. దాంతోపాటు... నీకు మార్పు సంగతి తెలియదనీ, పాపం జూలైలో పోయి కూర్చున్నావనీ చెప్పాను. తప్పా?"

"అదేమంది?"

"ఏ ఏడని రెండుసార్లు అడిగింది. తరువాత నవ్వింది. 'ఆ మొండిది పోపు కోసం తేదీ మార్చుకుంటుందా' అంది."

అర్జీయా కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమోనని ఫోస్కా కంగారుపడింది. ఏడవడం లేదు. "ఒరియానో!" అని ఆమె ముందు సీటుకు వినబడేలా అరిచింది. "జూలై రెండున మళ్ళీ రావాలి."

"ఒకే బొమ్మకు రెండుసార్లా? అందులో ఏమైనా మారుతుందా?"

"రంగు తేల్చాలి."

జూలై రెండున ఒరియానో తన పాత కారులో ఆమెను చర్చి ముందు దింపి, నీడ వెతుక్కుంటూ పోయాడు. కొండంతా కీచురాళ్ళ రొద. బుట్టలో అంజూరాలు, వాటి మీద కప్పిన ఆకులు. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టిన ఆమెకు ఏమీ కనిపించలేదు. చేత్తో బల్లల అంచులు తడుముకుంటూ నడిచి, రెండో వరసలో కూర్చుంది. పక్కన ఎవరో ఉన్నారు. ఎవరిదో శ్వాస, కొంచెం ఆయాసంతో.

"నాణెం నువ్వే వెయ్యాలి" అంది ఆ చీకటి. "పోయినసారి నేను వేశాను."

అర్జీయా బుట్టను ఇద్దరి మధ్యా పెట్టింది. ఒక చెయ్యి ఆకులు తొలగించి, మెత్తదనం వేళ్ళతో చూసుకుని, ఒక పండు తీసుకుంది. పాత గోదాములో ఉన్నిని తడిమినట్టే.

"ముక్క తెచ్చావా?" అంది అర్జీయా.

"తేకుండా వస్తానా? అచ్చం అదే రంగు."

"ఒక ఛాయ తక్కువ."

"వెలుతురు రానీ, చూద్దాం."

"పొరుగూరి వాళ్ళెవరైనా వస్తారేమో."

"వస్తారు" అంది జెలిండా, తొక్క ఒలుస్తూ. "కాసేపు కూర్చుందాం."