ఊటీలో గుట్ట తంగేడు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, పసుపు పువ్వు ఏది కనబడ్డా అది తంగేడే అని నా గట్టి నమ్మకం. నల్లగొండ గుట్టల మధ్య పుట్టినదానికి ఇంకేం గుర్తొస్తుంది చెప్పండి. ఆ నమ్మకంతోనే డిగ్రీలో వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్ ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే చదువు మాన్పిస్తానని బాపు చెప్పాడు. (అన్నంత పనీ చేసే మనిషి.)

సరిగ్గా సద్దుల బతుకమ్మ నాడు మా భూతద్దం సారు (ఆయన మెడలో ఎప్పుడూ ఒకటి వేలాడేది) కాలేజీ టూరులో మమ్మల్ని ఊటీ కొండ మీద నిలబెట్టి, వాలులో విరగబూసిన చిన్న పసుపు పూలు చూపించాడు. "గిది ఏ కుటుంబమో చెప్పు బిడ్డా. చెప్తే పాస్, లేకుంటే మళ్లొచ్చే యేడు కలుద్దాం" అని నాతో అని చాయ్ తాగడానికి పోయాడు. పండుగ పూట ఇల్లు గుర్తొచ్చి దిగులేసిందో, ఆ పూలు చూసి చేతులు ఊరుకోలేదో, ఆయన తిరిగొచ్చేసరికి మేం ఆడపిల్లలం వాలంతా దులిపేసి, లాడ్జి పళ్లెంలో బతుకమ్మను పేర్చి, పైన పసుపు గౌరమ్మను కూడా పెట్టేశాం. (పసుపు నా దోస్తుది. దెబ్బలు తగిలితే పెట్టుకొమ్మని వాళ్లమ్మ కట్టిచ్చింది.)

సారు ముఖం వాడిపోయింది. "ఒక్క పువ్వన్న పీకియ్యి, అడుగు చూడాలె."

"గౌరమ్మను పెట్టినంక పీకుతరా సార్? మీ అమ్మ పీకనిస్తదా?" అంది దోస్తు.

సారుదీ మా వైపే, ఆత్మకూరు; పేర్చిన బతుకమ్మను చెడగొట్టే మనిషి కాదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దంతో బతుకమ్మ చుట్టూ జరుగుతూ, "ఇగ చెప్పు" అన్నాడు నన్ను.

"గుట్ట తంగేడు సార్. అయిదు రెక్కలున్నయి."

"నీ మొకం. అడుగు చూడకుండ చెప్తే గట్లనే ఉంటది."

అడుగు చూడాలంటే బతుకమ్మను నీళ్లలో వదలాలి. వదలాలంటే ముందు ఆడాలి. సారు వాలు కిందున్న వాగు ఒడ్డున ప్యాంటు మడిచి నిలబడి, "జర జల్ది ఆడుండ్రి, పొద్దుగూకుతాంది" అని తొందరపెడుతుంటే, మేం కావాలనే ఇంకో పాట ఎత్తుకున్నాం. చివరికి వదిలాక ఆయన మోకాటి లోతు చల్లటి నీళ్లలోకి దిగి, విడిపోయి వస్తున్న ఒక పువ్వును పట్టి నా అరచేతిలో బోర్లించాడు. రెక్కల కింద అయిదు రక్షకపత్రాలు, వాటి సందుల్లో మళ్లీ అయిదు చిన్నవి. తంగేడుకు ఈ రెండో వరస ఉండదు. పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది.

"గులాబీ కుటుంబం సార్."

"ముండ్లు లేకున్ననా?"

"లేకున్నా సార్."

"బతికినవ్ పో" అన్నాడు, చలికి పళ్లు టకటకలాడిస్తూ.

ఇప్పటికీ బతుకమ్మ పేర్చేటప్పుడు ప్రతి తంగేడు పువ్వునూ తిప్పి అడుగు చూస్తాను. "గట్ల చూసుకుంట కూసుంటే ఎప్పుడు పేరుస్తవమ్మా" అని నా బిడ్డ విసుక్కుంటుంది. అది తంగేడే అని నాకూ తెలుసు. మాన్పిస్తానన్న బాపు కూడా ఇప్పుడు లేడు. అయినా ఊటీలో నిలబడ్డ ఆ పిల్ల, ఒకసారి చూసుకోనిదే పువ్వును పళ్లెంలో పెట్టనివ్వదు.