ట్రాలీకి బొట్టు, నా నడుముకి పట్టు

ఆ రోజుల్లో నాకు నడుమనేది ఒకటుందని తెలీదు. ప్యాంటు జారకుండా దేవుడు చేసిన ఏర్పాటనుకునేవాణ్ణి. కశింకోటలో బస్సెక్కి, పరవాడలో ఒక మందుల కంపెనీ గోడౌన్‌కి ట్రైనీగా వెళ్లేవాణ్ణి. బాగా పనిచేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. ఆ ఒక్క మాట కోసం ఇద్దరు పట్టాల్సిన బస్తా ఒక్కణ్ణే ఎత్తేవాణ్ణి, అదీ ఇన్‌ఛార్జి సారు చూస్తున్నప్పుడు. (చూడనప్పుడు నేనూ మనిషినే.) సముద్రం మీద వేట మానేసి మాతో పనికొచ్చిన వంజరం మామ మాత్రం, "వలైతే పదిమందిమి లాగుతాం. బస్తా నువ్వొక్కడివే ఎత్తేత్తావేటల్లుడూ?" అనేవాడు.

మరి ట్రాలీ లేదా అంటే, భేషుగ్గా ఉంది. ఇన్‌ఛార్జిని చాటుగా కవర్ సారనేవాళ్లం. ఆయన బండి సీటుకీ, కుర్చీకీ కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉండేవి. ట్రాలీ వచ్చిన రోజున పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, కవరు తీయకుండానే గొలుసు వేసి తాళం బిగించారు. "వాడితే గీతలడిపోతాయిరా. రేపు ఆడిట్‌కి ఏటి సూపిత్తాం?" అనేవారు. మా నడుములకి గీతలు పడవు కదా, అదీ ఆయన ధీమా.

సేఫ్టీ ఆడిట్ ముందురోజు గోడౌన్ అందంగా కనబడాలని బస్తాలన్నీ ఈ గోడ నుంచి ఆ గోడకి మార్పించారు. నేను పర్మనెంటు ఊపులో రెండేసి మోశాను. తెల్లారేసరికి నడుం పట్టేసింది. సెలవడిగితే ఉద్యోగం గోవిందా. పైగా ఒంటికి దెబ్బ తగలకుండా బరువెలా ఎత్తాలో ఆడిటరుకి చేసి చూపించాల్సింది నేనే.

ఆయన వచ్చారు, తళతళలాడే ట్రాలీని చూసి మురిసిపోయారు, తర్వాత నా వంతు. నేర్పినట్టే కాళ్లు ఎడంగా పెట్టి, వీపు వంచకుండా, మోకాళ్లు మడిచి కూర్చుని, పెట్టెను పొట్టకి ఆనించుకున్నాను. అంతే, మరి లేవలేకపోయాను. ఏం చెయ్యాలో తోచక నవ్వుతూ ఉండిపోయాను. "ఎంత నిలకడ! అందరూ ఇలా చెయ్యాలి" అని ఆడిటరు గారు ఫొటోలు తీయించి టీకి వెళ్లారు. కవర్ సారు పళ్లు బిగించి, "సాల్లే, లెగరా" అన్నారు.

"లెగనేకపోతన్నాను సార్."

వంజరం మామ నా చేతుల్లోంచి పెట్టె తీసుకున్నాడు. "తాళం ఇలాగియ్యండి సార్. ఈడ్ని ట్రాలీ మీదేసి తీసుకెల్తాను."

కవర్ సారు చాలాసేపు జేబులు తడుముకున్నారు. చివరికి తాళం ఇస్తూ, "కవరు సిరక్కుండా సూడు" అన్నారు.

డాక్టరు ఇక బరువులెత్తొద్దన్నాడు. నా పని అయిపోయిందని ఏడ్చాను. కానీ అప్పటికే నా ఫొటో పెద్ద పోస్టరై గోడెక్కింది. పోస్టర్లో ఉన్నవాణ్ణి ఇంటికి పంపితే బాగుండదని పర్మనెంటు చేసి, బరువులెత్తడం నేర్పే పని ఇచ్చారు. ఎత్తలేనివాడు నేర్పడమేమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ పోస్టరింకా అక్కడే ఉంది. ఉద్యోగం పోతుందేమోనని, నొప్పిని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుగా చూపిస్తున్న ఆ కుర్రాణ్ణి చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఎవరూ లేనప్పుడు దగ్గరికెళ్లి, "ఆ పెట్టె దించెయ్యరా బాబూ" అంటుంటాను.