లారీకి మొదటి చిప్ప

మా బావ అప్పల్‌సామి లారీ దారిలో ఆగిపోతే ముందు బానెట్ తెరవడు. దిగి, తలుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "ఏమైందమ్మా?" అని అడుగుతాడు. అది జవాబు చెప్పేదాకా మనం ఎండలో నిలబడాలి. ఆ బుధవారం కూడా లంబాసా చక్కెర మిల్లుకి పోయే దారిలో, కొండ ఎక్కుతుండగా, లారీ బుస్సుమని ఆవిరి కక్కి ఆగిపోయింది. ఆయన దిగి తలుపు తట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అది చెప్పదు బావా. నేను చెప్తాను. రేడియేటర్‌లో నీళ్ళు లేవు."

"పొద్దున్నే నిండా పోశాన్రా."

"పోసినవి ఏమైనట్టు మరి?"

"అదే కదా అడుగుతున్నాను దాన్ని!"

వెనక లోడు చెరకు కెలేరాది. భర్త పోయాక సెయాంగాంగా ఊళ్ళో తన పొలాన్ని ఒంటిచేత్తో లాక్కొస్తున్న మనిషి. ఎవరో చెత్తకి పెట్టిన నిప్పు గాలికి ఎగిరొచ్చి ఆమె చెరకంతా కాల్చేసింది. కాలిన చెరకు ఈ ఎండలకి ఎన్నాళ్ళో ఆగదు, పులిసిపోతుంది. పైగా శనివారం సాయంత్రం మిల్లు ఈ ఏటికి మూసేస్తారు. ఈలోగా గేటు లోపలికి పోకపోతే ఆమె ఏడాది కష్టం మేకల పాలే. నేను చెరకు నరికే గ్యాంగుకి సర్దార్ని. ఏ పొలం ఎప్పుడు నరకాలో, ఏ లోడు ఎప్పుడు కదలాలో చూసే బాధ్యత నాది. చివరి వారంలో ఇంకో లారీ అడిగితే నవ్వి పంపేస్తారు. ఉన్నది ఈ ముసలి లారీ ఒక్కటే, దాన్ని నమ్ముకున్న మా బావ ఒక్కడే.

ఆయన గురించి చెప్పాలంటే ఎద్దుల దగ్గర మొదలుపెట్టాలి. వాళ్ళ నాన్న ఎడ్లబండి మీద చెరకు తోలేవాడు. అప్పల్‌సామి చిన్నప్పుడు పడుకున్నది కొట్టంలో, ఎద్దుల పక్కనే. బండి ఆగగానే ముందు ఎద్దులకి నీళ్ళు పెట్టాలి, ఆ తర్వాతే మనిషి గొంతు తడుపుకోవాలి. ఇది ఆ ఇంట్లో కట్టుబాటు. ఎద్దులు పోయి లారీ వచ్చినా ఆయన ఆ అలవాటు మానలేదు. మిల్లు గేటు బయట లారీల వరసలో గంటలు గంటలు పడుంటాం కదా, కాస్త మత్తెక్కించే యంగోనా కలపకుండా ఎలా గడుస్తుంది? వేరు పొడి గుడ్డలో కట్టి నీళ్ళలో పిసికి, గిన్నె చుట్టూ కూర్చుంటాం. కొబ్బరిచిప్పలో మొదటిది పోయగానే మా బావ లేచి వెళ్ళి లారీ రేడియేటర్‌లో వంపేవాడు. "లాగేది అది. అది తాగకుండా మనం తాగుతామా?" అనేవాడు. అందరం ఒక్కసారి చప్పట్లు కొట్టేవాళ్ళం, మనిషి తాగితే కొట్టినట్టే. ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం. ఆయనకి మాత్రం అది వేళాకోళం కాదు.

ఆ రోజు పక్క వాగులోంచి నీళ్ళు మోసి పోసి, నడిచినంత దూరం నడిపి, ఆ లోడు ఎలాగో చేర్చాం. తిరిగొచ్చి ఆయన పెరట్లో లారీ కిందికి దూరాను. ఎక్కడా చుక్క లేదు. గొట్టాలన్నీ చేత్తో నలిపి చూశాను, పొడి. పంపు కింద పొడి. మూత రబ్బరు చీకిపోయిందని కొత్త మూత పెట్టాం. మర్నాడు మళ్ళీ అదే కొండ దగ్గర బుస్సు. పై గొట్టం మార్చాం. మళ్ళీ బుస్సు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

గ్యాంగులో చెరకు నరికే ఇలైతియా బానెట్ మీదికి వంగి డాక్టరులా తల ఊపాడు.

"హెడ్డు పోయింది మామా. ఇంజిన్ విప్పాల్సిందే."

"నీ హెడ్డు పోయిందిరా! పొగ తెల్లగా వస్తోందా? ఆయిల్‌లో నీళ్ళు కలిశాయా? నా ఇంజిన్‌ని అనకు."

"మరి నీళ్ళెక్కడికి పోతున్నాయి?"

 మా అక్క నాగమ్మ వాకిట్లోంచి అంది: "దానికి పోసిన నీళ్ళు నా బెండపాదుకి పోసుంటే ఊరందరికీ కూర పెట్టేదాన్ని. పోనీలే, రాత్రికి దానికే రొట్టెలు కూడా చేసి పెడతాను."

"నువ్వూరుకో అక్కా, ఆయన నిజంగా తినిపిస్తాడు," అన్నాను.

శుక్రవారం పొద్దున కెలేరా వచ్చింది. చేతులు మోచేతుల దాకా మసి. లారీని చూసింది, నన్ను చూసింది, ఆఖరున బావని అడిగింది. "అన్నా, మిగిలిన లోడు పోతుందా, పోదా? పోదంటే చెప్పెయ్యి. ఇవాళే దున్నించేస్తాను. దాని వాసన ఇంట్లోకి వస్తోంది. నేను భరించలేను."

"పోతుందమ్మా," అన్నాడు బావ. ఏ ధైర్యంతో అన్నాడో నాకు తెలియదు. నాకు ఆయన పీక పిసకాలనిపించింది.

కోపంతోనే రేడియేటర్ బోల్టులు విప్పాను. ఇద్దరం పట్టి కిందికి దింపి, తలకిందులు చేశాం. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత గోధుమరంగు మడ్డి ముద్దలు ముద్దలుగా జారింది, పీచుతో సహా. ఆ వాసన మాలో ఎవరికి తెలియదు? నేను తల ఎత్తాను. బావ ఆకాశం వైపు చూస్తున్నాడు. ఇలైతియా గంభీరంగా ఒక్కసారి చప్పట్లు కొట్టాడు.

"నీళ్ళు కారలేదు బావా," అన్నాను.  "మరిగిపోయాయి. లోపల దారులన్నీ యంగోనా మడ్డితో మూసుకుపోయాయి. చల్లబడితే కదా! ఎద్దుకి పోస్తే బయటికి పోస్తుంది. ఇది ఎక్కడికి పోస్తుంది?"

"ఒక చిప్పే కదరా..."

"ప్రతి లోడుకీ ఒక చిప్ప! ఇన్ని ఏళ్ళు!"

ఆయన పైపు పట్టి, సాయంత్రం దాకా ఆ రేడియేటర్‌ని ఒంటరిగా కడిగాడు, ఎద్దుని తోమినంత ఓపిగ్గా. బిగించి నీళ్ళు పోశాం. ఈసారి అడుగు అతుకులోంచి ధారగా కారింది.

"చూశావా?" అన్నాడు బావ, ఉన్నట్టుండి లేచిన ప్రాణంతో. "ఇన్నాళ్ళూ ఆ చిల్లిని ఆపింది ఆ మడ్డే!"

నేను చేతిలోని స్పానర్ బెండపాదులోకి విసిరేశాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అడ్డు తీస్తే కారుతుంది, ఉంచితే మరుగుతుంది. ఇలాంటి బండినీ ఇలాంటి మనిషినీ నాకే ఎందుకు అంటగట్టావని దేవుణ్ణి గట్టిగానే అడిగాను.

మళ్ళీ విప్పాం. మూతులకి రబ్బరు కుక్కి, నీళ్ళ పీపాలో ముంచి, సైకిల్ పంపుతో గాలి కొట్టాం. అతుకు మూల దగ్గర సన్నగా బుడగలు లేచాయి. నాగమ్మక్క పొయ్యి మీద కడ్డీ కాల్చి, బావ ఆ చిల్లికి సీసంతో మాటు వేశాడు. పని ముగించి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇక దానికి చుక్క పొయ్యను. మా నాన్న మీద ఒట్టు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన లారీ వైపు చూడలేదు. నాకు కోపం పోలేదు గానీ, తిట్టబుద్ధి కాలేదు.

శనివారం మిగిలిన చెరకంతా ఎక్కించాం. కెలేరా ముందు సీట్లో కూర్చుంది. కొండ దగ్గర ముగ్గురం ఊపిరి బిగబట్టాం. లారీ మూలుగుతూ ఎక్కేసింది. దాటాక గుంతల దారిలో అది ఎగిరెగిరి పడుతుంటే బావ ప్రతి గుంతకీ "అయ్యో" అన్నాడు. మిల్లు గేటు బయట వరసలో మాదే చివరి లారీ.

ముందొచ్చిన ఇలైతియా మా లారీ నీడలో గిన్నె పెట్టి యంగోనా పిసికాడు. మొదటి చిప్ప బావకి అందించాడు. ఆయన అలవాటుగా లేచి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కొచ్చి ఆ చిప్ప కెలేరా చేతిలో పెట్టాడు. "నువ్వు తాగమ్మా." ఎవరూ నవ్వలేదు.

ఆమె చిప్ప ఎత్తబోతుండగా టప్ టప్‌మని వినిపించింది. వంగి చూశాను. గుంతల దెబ్బకి మాటు విచ్చింది. క్యాను నీళ్ళు మొత్తం పోశాం. పోసినంతసేపు పట్టలేదు, మట్టిలో కలిసిపోయాయి. వరస మెల్లగా కదులుతోంది. గేటు దగ్గర వాచీ చూసుకుంటున్నాడు కాపలావాడు. కాటా దాకా ఇంజిన్ నడవాలి. అది నీళ్ళు లేకుండా నడవదు, దగ్గర్లో ఇంకో చుక్క నీళ్ళు లేవు.

బావ గిన్నె వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.  ఒట్టేసింది నాకు కదా. కెలేరా మసి చేతుల్లో చిప్ప అలాగే ఉంది.

"ఏంటలా చూస్తావు?" అని అరిచాను. "ఒట్టు నీది, నాది కాదు!"

ఇలైతియా "సర్దార్, అది అందరిదీ!" అంటున్నా వినకుండా గిన్నె రెండు చేతులా ఎత్తాను. గుడ్డ విప్పి, మడ్డితో సహా కలిపేసి, రేడియేటర్‌లో వంపేశాను. కెలేరా లేచొచ్చి తన చిప్ప కూడా అందులో పోసింది. టప్ టప్ కాసేపు సాగింది, నెమ్మదించింది, ఆగింది. బావ ఒక్క గెంతులో ఎక్కి ఇంజిన్ తిప్పాడు.

లారీ కాటా ఎక్కాక మా వెనక మిల్లు గేటు మూసిన చప్పుడు వినిపించింది. కెలేరా కిందికి దిగి, తలుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. బావ స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు, నా ముందే, సిగ్గు లేకుండా.

సోమవారం ఆ రేడియేటర్ మళ్ళీ విప్పాలి. విప్పేది నేనే, తిట్టేదీ నేనే. ఆ సాయంత్రం మాత్రం మాలో ఎవరికీ గుక్క దక్కలేదు. తాగింది లారీ ఒక్కటే.